వదులు కుట్టు

టైని అందరూ ముందువైపు నుంచి చూసి కొంటారు. రంగు బాగుందా, చుక్కలు బాగున్నాయా, కోటు మీదకి నప్పుతుందా, అంతే. కుట్టినవాళ్ల పనితనం మాత్రం వెనకవైపు ఉంటుంది. చేత్తో కుట్టిన మంచి పట్టు టైని తిరగేసి, వెడల్పు కొస దగ్గర రెండు అంచులూ కలిసే చోట కొంచెం తెరిచి చూడండి. లోపల చిన్న దారం ఉచ్చులా వేలాడుతూ కనిపిస్తుంది. కుట్టినవాళ్లెవరో తెంపడం మరిచిపోయారేమో అనిపిస్తుంది. ఖరీదైన టై మొదటిసారి కొన్నవాళ్లలో కొందరు ఇంటికి రాగానే కత్తెర తీసుకుని దాన్ని శుభ్రంగా కత్తిరించేస్తారు. ఆ తర్వాత కొన్నాళ్లు కట్టుకునేసరికి టై వెన్ను విడిపోవడం మొదలవుతుంది.

ఆ టై మొత్తానికి ఆయువుపట్టు ఆ ఉచ్చే. ఒకే ఒక దారం టై పొడవునా వెన్నులోంచి సాగిపోతుంది. కొసల దగ్గర కొంత మిగులు దారాన్ని కావాలనే వదిలేస్తారు. ముడి బిగించినప్పుడు ఆ మిగులు లోపలికి జారుతుంది, ముడి విప్పి వేలాడదీస్తే మెల్లగా వెనక్కి వస్తుంది. బిగించి కుట్టిన టై అయితే లాగిన చోటల్లా కుచ్చుపడుతుంది, లేదా ఏదో ఒకరోజు దారం పుటుక్కుమంటుంది. దర్జీ పనిలో దాదాపు ప్రతి చోటా గట్టిగా కుట్టినవాణ్ణి మెచ్చుకుంటాం. టై పనిలో మాత్రం ఎంత వదలాలో తెలిసినవాళ్లదే గొప్ప చెయ్యి. ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా చివరికి ఆ వదులు గురించే.

ఒంటి మీది మరే గుడ్డనీ మనం ఇంత హింసపెట్టం. చొక్కాకి బొత్తాలున్నాయి, ప్యాంటుకి బెల్టు ఉంది. టైని మాత్రం మెడ చుట్టూ తిప్పి, మెలేసి, ముడేసి, ఆ ముడిని గొంతు దాకా ఎగదోసి పొద్దున్నించి సాయంత్రం దాకా అలాగే ఉంచుతాం. విప్పాక అది ఆ మెలికలన్నీ మరిచిపోయి, ఒకట్రెండు రోజుల్లో మళ్లీ కొత్తదానిలా నిలవాలి. తెలుగునాట ఈ సంగతి ఎవరికీ పెద్దగా పట్టకపోవడానికి కారణముంది. మనలో ఎక్కువమందికి టై అంటే బడిలో ఎలాస్టిక్‌తో మెడకి తగిలించుకున్నది, లేదా రిసెప్షన్ సూటుతోపాటు పెట్టెలో వచ్చినది. ఎండాకాలం మధ్యాహ్నం విజయవాడ సూర్యారావుపేటలో డాక్టరుగారి గది బయట బ్యాగు పట్టుకుని నిలబడ్డ మెడికల్ రెప్‌ల మెడలో చూసినది కూడా. ఇవన్నీ దాదాపుగా పాలిస్టరే. పాలిస్టరుకి ముడత అంతగా పడదు గనక ముడతని మరిచే విద్య దానికి అక్కర్లేదు. పట్టుకి కావాలి. ఆ విద్యని గుడ్డ సొంతంగా నేర్చుకోదు, కత్తిరించేవాళ్లూ కుట్టేవాళ్లూ నేర్పాలి.

ఆ నేర్పుకి పేరుపడ్డ ఊళ్లలో ఇటలీలోని నేపుల్స్ ఒకటి. అక్కడ రివియేరా ది కియాయా అనే వీధిలో, సముద్రం వైపు తిరిగిన చోట, 1914లో యుజేనియో మరినెల్లా అనే ఆయన ఒక దుకాణం తెరిచాడు. కొట్టు విస్తీర్ణం 20 చదరపు మీటర్లు. మన లెక్కలో 215 చదరపు అడుగులు, ఒక మోస్తరు పడకగదికంటే కాస్త పెద్దది. మొదట్లో అక్కడ చొక్కాలే ప్రధానం, టై పక్కసరుకు. నేపుల్స్ పెద్దమనుషులకి ఆ రోజుల్లో ఇంగ్లండు మోజు ఎక్కువ. అందుకని ఆయన లండన్ నుంచి సరుకు తెప్పించేవాడు. కాలం గడిచేకొద్దీ చొక్కాలు వెనక్కి వెళ్లి టై ముందుకొచ్చింది. ఇప్పుడు ఆ పేరు వింటే జనానికి గుర్తొచ్చేది టై ఒక్కటే. మనవడు మవురిత్సియో మరినెల్లా పొద్దున ఆరున్నరకే కొట్టు తెరుస్తాడని ఊరంతా చెప్పుకుంటుంది. టై కొనడానికి అంత పొద్దున్నే ఎవరొస్తారనుకుంటాం గానీ వస్తారు. వచ్చినవాళ్లకి కాఫీ ఇస్తారు. క్రిస్మస్ రోజుల్లో కొట్టు బయట వరస కడతారు.

అక్కడ కొనుగోలు జరిగే తీరులో ఒక విశేషముంది. రెడీమేడ్ టైలు ఉంటాయి, నిజమే. వాటితోపాటు అచ్చువేసిన పట్టు గుడ్డలు కూడా మడతలు పెట్టి ఉంటాయి. గుడ్డ ఎంచుకుని మనకి కావలసినట్టు కుట్టించుకోవచ్చు. మామూలు టై పొడవు 145 నుంచి 150 సెంటీమీటర్లు. ఆరడుగుల మూడంగుళాల మనిషికి అది చాలదు. ముడి వేశాక వెనక కొస ఎక్కడో బొడ్డుకి జానెడు పైన ఆగిపోతుంది. మెడ లావుగా ఉన్నవాళ్లదీ ఇదే బాధ. పొట్టివాళ్లకి తిరగబడ్డ సమస్య, కొస బెల్టు దాటి కిందికి వేలాడుతుంది. ఇంకో సంగతి, ఎవరు ఏ ముడి వేస్తారన్నది. మామూలు ముడి తక్కువ గుడ్డ తింటుంది, విండ్సర్ ముడి చాలా తింటుంది. 1999లో థామస్ ఫింక్, యాంగ్ మావ్ అనే ఇద్దరు కేంబ్రిడ్జ్ భౌతికశాస్త్రవేత్తలు లెక్కలు కట్టి, మామూలు టైకి 85 రకాల ముడులు సాధ్యమని 'నేచర్' పత్రికలో తేల్చారు. లోకంలో వాడుకలో ఉన్నవి మూడో నాలుగో. ఆ మూడు నాలుగులో మనం ఏది వేస్తామో తెలిస్తే గానీ కుట్టేవాళ్లకి పొడవు తేలదు. వెడల్పు సాధారణంగా 8 నుంచి 9 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. దాన్ని కోటు కాలరు మడతల వెడల్పుని బట్టీ, మనిషి ఛాతీని బట్టీ సరిచూస్తారు. కొలతలు ఇంతే. సూటుకి తీసుకునే కొలతల్లో పదో వంతు కూడా ఉండవు. కొలతలు తక్కువైనంత మాత్రాన పని తక్కువ అనుకోకూడదు.

పని కత్తెర దగ్గర మొదలవుతుంది. నేతలో పడుగు పోగు సాగదు, పేక పోగు సాగదు. ఆ రెండింటికీ మధ్యగా, ఐమూలగా లాగితే మాత్రం గుడ్డ సాగుతుంది. పోగుల మధ్య ఉన్న చిన్న చిన్న చదరాలు పక్కకి వాలి, వదలగానే తిరిగి నిలబడతాయి. జాకెట్టు మెడకి క్రాస్ పీసు వేసే ప్రతి దర్జీకీ ఇది తెలిసిన సంగతే. టైకి మాత్రం ఈ సంగతి పూర్తిగా పట్టింది 1920ల్లోనే. న్యూయార్కులో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే దర్జీ టై గుడ్డని సరిగ్గా 45 డిగ్రీల ఐమూలలో కత్తిరించి, మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ముందు కొస ఒక ముక్క, వెనక కొస ఒక ముక్క, మెడ దగ్గరిది మూడోది. అంతకుముందు టైలు మెడలో మెలితిరిగిపోయేవి, త్వరగా రూపు చెడేవి. ఇవాళ లోకంలో మంచి టై అన్నది ఎక్కడ కుట్టినా లాంగ్స్‌డార్ఫ్ బాటలోనే కుడతారు. ఆ మూడు ముక్కల అతుకులు కూడా అడ్డంగా ఉండవు, ఏటవాలుగా ఉంటాయి. అడ్డంగా ఉంటే గుడ్డ మందమంతా ఒకే చోట పేరుకుని మెడ దగ్గర గట్టుకడుతుంది.

45 అంటే 45. రెండు మూడు డిగ్రీలు అటూఇటూ అయితే టై వేలాడదీసినప్పుడు సన్నగా మెలితిరుగుతుంది. పెద్ద ఫ్యాక్టరీలో పదుల కొద్దీ పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి కరెంటు కత్తితో ఒక్కసారే కోస్తారు. పట్టు జారుడు గుడ్డ, పైపొర గీత మీద ఉన్నా కిందిపొరలు కదులుతాయి. అందుకే ఆర్డరు మీద కుట్టేవాళ్లు ఒక్కో పొరే పరిచి, అట్ట నమూనా పెట్టి, సుద్దతో గీసి కోస్తారు. చేతికోత అనే మాట ప్రకటనల్లో కనిపిస్తే నేను కొంత అనుమానంగానే చూస్తాను గానీ, ఈ ఒక్క చోట ఆ మాటకి నిజమైన విలువ ఉంది.

ఐమూల కోత వల్ల ఒక తమాషా పుడుతుంది. టై మీద ఏటవాలుగా కనిపించే చారలు గుడ్డ మీద ఏటవాలుగా ఉండవు. నేతలో అవి తిన్నగా ఉండే చారలే, కోత వాటిని వాలుస్తుంది. ఇంగ్లండు రెజిమెంటు టైల చారలు కట్టుకున్నవాళ్ల ఎడమ భుజం నుంచి కిందికి దిగుతాయి. అమెరికాలో బ్రూక్స్ బ్రదర్స్ దాన్ని తిరగేసి కుడి భుజం నుంచి దించింది. ఇంగ్లండులో ఫలానా రెజిమెంటులో పనిచేసినవాళ్లో, ఫలానా క్లబ్బు సభ్యులో మాత్రమే కట్టుకోవలసిన చారలు వేరేవాళ్లు కట్టుకుంటే తప్పు, దిశ మారితే తగువే లేదు. చారలకి ఈ కోత ఇంత మేలు చేస్తే, పువ్వులకీ బొమ్మలకీ ఎదురు చేస్తుంది. టై మీద నిటారుగా నిలబడాల్సిన పువ్వుని గుడ్డ మీద వాలుగా అచ్చువేయాలి. టైల పట్టు తానుని బల్ల మీద పరిస్తే అందులోని బొమ్మలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయినట్టు కనిపిస్తాయి. ఇలా కోయగా మిగిలిన ముక్కలన్నీ మూలలు తేలిన త్రికోణాలు. వాటితో పెద్దగా ఏమీ చేయలేరు. పట్టు టై ఖరీదులో ఈ వృథా గుడ్డ ఖరీదు కూడా కలిసే ఉంటుంది.

కోత తర్వాత లోగుడ్డ. టై లోపల, పైకి కనపడకుండా, ఇంకో గుడ్డ ఉంటుంది. మంచివాటిలో అది ఉన్ని, లేదా ఉన్నీ నూలూ కలిసినది. దాన్నీ ఐమూలగానే కోస్తారు. పైపట్టు సాగి లోగుడ్డ సాగకపోతే రెండూ పోట్లాడుకుంటాయి. ముడి తిరిగి విచ్చుకునేలా చేసేది ప్రధానంగా ఈ ఉన్నే. పట్టు దళసరిదైతే లోగుడ్డ పల్చగా, పట్టు పల్చనైతే లోగుడ్డ దళసరిగా ఉండాలి. పట్టు తానుని రెండు వేళ్ల మధ్య నలిపి, దీనికి ఫలానా ఉన్ని అని చెప్పగలగడం ఈ వృత్తిలో అనుభవం మీద వచ్చే విద్య, పట్టిక రాసి గోడకి అంటించుకుంటే వచ్చేది కాదు. లోగుడ్డ మీద బంగారు రంగు గీతలు అచ్చువేసి ఉండటం కొన్ని టైలలో కనిపిస్తుంది. గీతలు ఎక్కువుంటే సరుకు గొప్పదని ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. గీతలు చెప్పేది బరువు సంగతే. ఎక్కువ గీతలంటే దళసరి లోగుడ్డ, అంతకు మించి ఏమీ లేదు.

ఇక కుట్టు. ఫ్యాక్టరీ టైని లోపలివైపు బయటికి పెట్టి, గొట్టంలా కుట్టి, తర్వాత తిరగేస్తారు. ఈ పనికి జర్మనీలో తయారైన లిబా అనే యంత్రం పేరుపొందింది. చేత్తో కుట్టే టైని మొదటి నుంచీ మంచివైపు బయటికే ఉంచి మడుస్తారు. ఉన్నిగుడ్డ చుట్టూ పట్టుని ఎడమనుంచి ఒకసారి, కుడినుంచి ఒకసారి తెచ్చి, వెన్ను మీద రెండంచులూ కలిసేలా పెట్టి, గుండుసూదులు గుచ్చుతారు. అప్పుడు పొడవాటి సూదిలోకి పొడవాటి పట్టుదారం ఎక్కిస్తారు. మధ్యలో అతుకు ఉండకూడదు గనక టైకంటే దారం పొడుగ్గా ఉండాలి. ఆ సూది ఒక అంచులోంచి దూరి, ఉన్నిని తాకి, రెండో అంచులోంచి పైకి తేలుతుంది. ముందువైపు పట్టుని మాత్రం ఎక్కడా తాకకూడదు. ఒక్క పోగు తగిలినా టై ముఖం మీద చిన్న సొట్ట పడుతుంది. వెలుతురు పక్కనుంచి పడితే అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం ఎక్కువ, ఏ కుట్టునీ లాగి బిగించరు. కుట్టే మనిషి ఎడమచెయ్యి ఈ పని పొడవునా గుడ్డని తడుముతూ ఉంటుంది. చూపు సూది మీద, ధ్యాస వేళ్ల మీద. పట్టు ఎక్కడ పొంగింది, ఉన్ని ఎక్కడ మడతపడింది అన్నది కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది.

కుట్టు ఆఖరికి వచ్చాక దారాన్ని ముడేసి తెంపరు. ముందు చెప్పిన ఉచ్చు అక్కడ వదులుతారు. ఆ ఉచ్చుకి కొంచెం పైన, రెండంచుల్నీ కలిపి పట్టే ఒక చిన్న అడ్డకుట్టు వేస్తారు. నాలుగైదు పోగులు పక్కపక్కనే వేసి, వాటి మీద దారం చుట్టి గట్టిచేస్తారు. టై మొత్తంలో గట్టిగా ఉండాల్సిన కుట్టు ఇదొక్కటే. వెన్నుకుట్టు కదలాలి, దీన్ని మాత్రం ఏనుగు లాగినా కదలకూడదు. ఒకే టైలో, ఒకే చేతి మీద, ఒక దారం జారేలా, పక్కనే ఇంకోటి బిగిసేలా కుట్టడం చూస్తే నాకు ఈ వృత్తి మీద గౌరవం పెరుగుతుంది.

కొసల అంచు ముగింపులో రెండు దారులున్నాయి. కొస లోపలివైపు అస్తరు గుడ్డ వేసి మూయొచ్చు. ఆ అస్తరు టై గుడ్డతోనే వేయిస్తే ఖర్చు ఎక్కువ, అందం కూడా ఎక్కువ. లేదంటే అస్తరే వేయకుండా, పట్టు అంచుని బొటనవేలూ చూపుడువేలూ మధ్య సన్నగా చుడుతూ హెమ్మింగు చేయొచ్చు. చుట్ట సన్నగా, గుండ్రంగా, కొస నుంచి కొస దాకా ఒకే లావులో రావాలి. కొస మొన దగ్గర రెండు చుట్టలు కలిసే చోట ముద్ద కట్టకూడదు. కట్టకుండా కుట్టగలిగినవాళ్లు తక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్ల పని చూడాలనుకుంటే ముందు ఆ మొననే చూడాలి.

ఏడుమడతల టై గురించి చెప్పకపోతే తెలిసినవాళ్లు ఊరుకోరు. లోగుడ్డ వేయకుండా, దాదాపు మీటరు పట్టుని లోపలికి లోపలికి మడుస్తూ ఆ మడతలతోనే టైకి బరువు తెచ్చే పద్ధతి అది. మామూలు టైకి పట్టేదానికంటే గుడ్డ చాలా ఎక్కువ పడుతుంది, ధరా అంతే. దుకాణాల్లో దీన్ని శిఖరంలా చూపిస్తారు. చేతిలోకి తీసుకుంటే మెత్తగా, నీళ్లలా జారే గుణం నిజంగానే ఉంది. కానీ ముడి నిలిచే బలం, మర్నాటికి తేరుకునే గుణం మంచి ఉన్ని వేసిన మామూలు మూడుమడతల టైలోనే ఎక్కువ అని నా అభిప్రాయం. ఏడుమడతలు గుడ్డ ధారాళాన్ని చూపిస్తాయి, మూడుమడతలు కుట్టినవాళ్ల తెలివిని చూపిస్తాయి.

ఆఖరి పని ఇస్త్రీ. నిజానికి అది ఇస్త్రీ చేయకపోవడమే. ఆవిరి పట్టి వదిలేస్తారు, అంచుల మీద పెట్టె మోపరు. మంచి టై అంచు కత్తిలా ఉండకూడదు, గుండ్రంగా తిరిగి ఉండాలి. ఇంట్లో వేడి ఇస్త్రీపెట్టెతో ఒక్కసారి అణిచేస్తే పైన చెప్పిన పనంతా ఒక్క నిమిషంలో పోతుంది.

పట్టు సంగతికి వద్దాం. మరినెల్లా అచ్చు పట్టు వచ్చేది ఇటలీ నుంచి కాదు, ఇంగ్లండులోని మాకిల్స్‌ఫీల్డ్ నుంచి. అది చెషర్ ప్రాంతంలో కొండల అంచునున్న ఊరు. పదిహేడో శతాబ్దంలో పట్టు బొత్తాలతో మొదలుపెట్టి, పద్దెనిమిదో శతాబ్దంలో పట్టు మిల్లులతో పెరిగింది. అచ్చు పద్ధతి పాతదే. ఒక్కో రంగుకి ఒక్కో తెర, పొడవాటి బల్ల మీద పరిచిన తెల్లపట్టు. ఒక రంగు తర్వాత ఇంకో రంగు, గీతకి గీత తప్పకుండా పడాలి. అచ్చు పట్టుని అక్కడివాళ్లు ఔన్సుల్లో చెబుతారు. 36 ఔన్సులది నిత్యం వాడే టైలకి, 50 ఔన్సులది చెయ్యి నిండే దళసరి టైలకి.

ఆ పరిసరాల అచ్చుల్లో తెలుగువాళ్లు ఆగి చూడాల్సిన రకం ఒకటుంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఏన్షెంట్ మ్యాడర్ అంటారు. ముదురు ఎరుపు, ఇటుక రంగు, ఆవరంగు, పాచి ఆకుపచ్చ, వీటిమీద ఎక్కువగా మామిడిపిందెలు. తాకితే సుద్దపొడి రాసినట్టు, పట్టుకీ తోలుకీ మధ్య ఏదోలా ఉంటుంది. ఆ ఎరుపు మంజిష్ఠ జాతి వేరులోది. మచిలీపట్నం, పెడన కలంకారీ ఎరుపు చిరువేరులోది. మొక్కలు వేరైనా రెండింటి వేళ్లలోనూ రంగునిచ్చే పదార్థం అలిజరిన్. పాత పద్ధతి కూడా రెండుచోట్లా ఒక్కటే. ముందు పటిక లాంటి లవణాన్ని బొమ్మగా అచ్చువేసి, తర్వాత గుడ్డని రంగునీళ్లలో మరిగిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. 1868లో గ్రేబే, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయనవేత్తలు అలిజరిన్‌ని ప్రయోగశాలలో తయారుచేశాక వేళ్ల సాగు కుప్పకూలింది. ఇప్పుడు ఇంగ్లండులోనూ పెడనలోనూ ఎక్కువగా వాడేది ఆ కృత్రిమ అలిజరినే. ఇక ఆ మామిడిపిందె కాశ్మీరు శాలువాల మీద ఐరోపాకి వెళ్లి, స్కాట్లండులో వాటిని అనుకరించి నేసిన పైస్లీ ఊరి పేరు తగిలించుకుంది. లండన్ బ్యాంకరు మెడలో చూసి అదేదో విలాయతీ డిజైను అనుకునే మనవాళ్లకి తమ ఇంటి బీరువాలోని పట్టుచీర అంచు చూపించాలనిపిస్తుంది.

నేత టైల సంగతి వేరు. వాటికి ఉత్తర ఇటలీలోని కోమో సరస్సు పక్క ఊళ్లు ప్రసిద్ధి. ఒకప్పుడు అక్కడ మల్బరీ తోటలుండేవి, ఇప్పుడు ముడిపట్టు ఎక్కువగా చైనా నుంచి వస్తుంది. నేత, రంగు, అచ్చు అక్కడివి. ధర్మవరంలో మగ్గం పైన కూర్చున్న జకార్డు పెట్టెకీ, కోమో మిల్లులో కంప్యూటరుతో నడిచే జకార్డుకీ మూలం ఒక్కటే, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో లియాన్‌లో పుట్టిన జకార్డు పరికరం. కోమో నేతల్లో నాకు నచ్చేది గ్రెనడిన్. పక్కపక్క పడుగు పోగుల్ని ఒకదాని చుట్టూ ఒకటి మెలివేస్తూ పేకని బంధించే జాలీ నేత అది. దూరం నుంచి మామూలు ఏకరంగు టైలా ఉంటుంది, దగ్గరికొస్తే గళ్లు కనిపిస్తాయి. 1962లో వచ్చిన 'డాక్టర్ నో' సినిమాలో షాన్ కానరీ మెడలోని ముదురు నీలం టై ఈ రకమే. కుట్టేవాళ్లకి మాత్రం గ్రెనడిన్ అంటే పరీక్ష. జాలీ గుండా లోగుడ్డ కనిపిస్తుంది గనక దాని రంగు కూడా ఆలోచించాలి, గోరు తగిలితే పోగు లేస్తుంది, సూది గుచ్చిన చోటు దాచడం కష్టం.

ఇంత పనీ చేసేది ఎవరు? దుకాణం పలక మీద ఒక పేరుంటుంది, టై వెనక పట్టీ మీద అదే పేరుంటుంది. కుట్టేది చాలావరకు ఆడవాళ్లు. ఇటలీలో ఈ పనిలో కొంత భాగం ఇళ్లలోనే, టైకి ఇంత అని కూలి లెక్కన జరుగుతూ వచ్చింది. కత్తిరించిన ముక్కలు ఇంటికి వెళ్తాయి, కుట్టిన టైలు కొట్టుకి వస్తాయి. క్రోషే లేస్ అల్లే నర్సాపురం ప్రాంతపు ఆడవాళ్ల గురించి తెలిసినవాళ్లకి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. యంత్రం మీద పైచేయి ఈ చేతులదే అయినా, వాళ్ల పేర్లు ఏ పట్టీ మీదా ఉండవు. నేపుల్స్ టై మీద వచ్చే పొగడ్తలన్నీ కొట్టు యజమాని మర్యాద గురించీ, కాఫీ గురించీ, కొనడానికొచ్చిన పెద్దల గురించే. అడ్డకుట్టు వేసినావిడ గురించి ఎవరూ రాయరు.

పెద్దల సంగతి వ్యాపారానికి బాగా పనికొచ్చింది. ఇటలీ అధ్యక్షుడిగా చేసిన ఫ్రాంచెస్కో కొస్సీగా విదేశాలకి వెళ్లినప్పుడు మరినెల్లా టైలు బహుమతిగా పట్టుకెళ్లేవాడు. 1994లో జీ7 సమావేశం నేపుల్స్‌లో జరిగినప్పుడు వచ్చిన దేశాధినేతలకి ఈ టైల పెట్టెలే ఇచ్చారు. ఎన్ని డబ్బులు పెట్టినా రాని ప్రచారం అది. తర్వాత మిలాన్‌లో, లండన్‌లో, టోక్యోలో కొట్లు వెలిశాయి. అయినా నేపుల్స్ కొట్టు మాత్రం ఆ 20 చదరపు మీటర్లలోనే ఉండిపోయింది. అది మమకారమో లెక్కో నేను తేల్చను. ఇరుకు కొట్టు బయట నిలబడ్డ వరసని మించిన బోర్డు ఏముంటుంది?

బయట లోకంలో మాత్రం టైకి రోజులు బాగాలేవు. అమెరికాలో టై తయారీదారుల సంఘం 2008లో మూతపడింది. సభ్యులు తగ్గిపోయారు, సంఘ సమావేశాలకి వచ్చే టై వ్యాపారుల్లోనే కొందరు టై కట్టుకోవడం మానేశారని అప్పట్లో నవ్వుకున్నారు. 2019లో గోల్డ్‌మన్ శాక్స్ తన ఉద్యోగులకి దుస్తుల నియమాలు సడలించింది. మరుసటి ఏడు కోవిడ్ వచ్చి మిగిలిన పని పూర్తిచేసింది. ఇంగ్లండులోని సడ్‌బరీలో 1740 నుంచి పట్టు నేస్తున్న వానర్స్ మిల్లు 2020లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అదే ఊళ్లో 1720 నాటి స్టీఫెన్ వాల్టర్స్ ఇంకా నేస్తోంది. టైలతోపాటు వేరే రకాల పట్టు కూడా నేయడం దానికి కలిసొచ్చింది.

ఈ దెబ్బ ముందుగా తగిలింది మధ్యరకానికి. ఆఫీసు నియమం కోసం వారానికి అయిదు టైలు కట్టుకున్నవాళ్లు కొనే సరుకు అది. నియమం పోయాక ఆ కొనుగోలూ పోయింది. ఇప్పుడు టై కొనేవాడు కట్టుకోవాలని మనసుపడి కొంటున్నాడు, కాబట్టి ఏడాదికి ఒకటో రెండో కొన్నా తిరగేసి చూసి కొంటున్నాడు. ఆర్డరు మీద కుట్టే చిన్న చిన్న వర్క్‌షాపులు నేపుల్స్, ఫ్లోరెన్స్, లండన్, టోక్యోల్లో బతుకుతున్నది ఇందువల్లే. మిల్లుల నుంచి తక్కువ తక్కువ మీటర్లు తెచ్చుకుని, గుడ్డ ముక్కలు పోస్టులో పంపి, ఎంచుకున్నాక కుట్టి ఇస్తారు. కొన్ని వారాలు ఆగాలి. వంద యూరోలు దాటే ధర సామాన్యుడికి ఎక్కువే. కానీ ఆర్డరు మీద కుట్టించే దుస్తుల్లో ఇంత తక్కువకి దొరికేది వేరే లేదు. అదే ఊళ్లో సూటు కుట్టించుకోవాలంటే ఆ ధరకి చెయ్యి కూడా రాదు.

లిబా యంత్రం గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. అది కుట్టే టై చెడ్డదేమీ కాదు. అది కూడా వదులు కుట్టే వేస్తుంది. మంచి పట్టు, మంచి ఉన్ని, సరైన కోత ఉంటే యంత్రపు టై ఏళ్ల తరబడి మన్నుతుంది. పేరుకి చేతికుట్టు అని, లోపల పాలిస్టరు లోగుడ్డ పెట్టి అమ్మే సరుకుకంటే అది నయం. తేడా మరమ్మతు దగ్గర బయటపడుతుంది. చేతి టై వెన్ను విడిపోతే ఆ దారం లాగేసి, పాత మడతల మీదే కొత్త దారం వేయడం తెలిసినవాళ్లకి చిన్న పని. గొట్టంలా కుట్టి తిరగేసిన టైని విప్పి మళ్లీ తిరగేసే ఓపిక ఎవరికుంటుంది?

విప్పి కుట్టగలగడం వల్ల ఇంకో సౌకర్యం ఉంది. టై వెడల్పు ఫ్యాషన్‌తోపాటు మారుతూ ఉంటుంది. 1970లలో నాలుగంగుళాలు దాటింది, మధ్యమధ్య రెండంగుళాలకి పడిపోయింది. నాన్నగారి కాలంనాటి వెడల్పు టైని విప్పి, లోగుడ్డ మార్చి, అంచులు కోసి ఇప్పటి కొలతకి సన్నం చేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. సన్నటిదాన్ని వెడల్పు చేయడానికి మాత్రం గుడ్డ ఎక్కణ్ణించీ రాదు. కాబట్టి ఆర్డరు ఇచ్చేటప్పుడు ఎనిమిదిన్నరా తొమ్మిదా అని తేలకపోతే తొమ్మిదే చెప్పుకోవడం మేలు.